హోగా టగ్గు: పెర్ల్ హార్బర్ నుంచి ఆర్కాన్సా నది దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద యుద్ధనౌకల జీవితాలు తేదీలవారీగా దొరుకుతాయి. వాటిని రేవులోకి తెచ్చి కట్టిన టగ్గుల సంగతి అడిగితే చాలాచోట్ల ఒక్క వాక్యం కూడా ఉండదు. హోగా అందుకు మినహాయింపు. 1941 డిసెంబరు 7 ఉదయం హవాయిలోని అమెరికా నౌకాదళ రేవు పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసినప్పుడు అక్కడే ఉన్న ఈ చిన్న టగ్గు ఇప్పటికీ నీటి మీదే ఉంది. దాని గురించి, అటువంటి పాత టగ్గుల చరిత్రను వెతకడం గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఇస్తున్నాం.

హోగాను ఎవరు, ఎప్పుడు కట్టారు?

న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని మోరిస్ హైట్స్‌లో ఉన్న కన్సాలిడేటెడ్ షిప్‌బిల్డింగ్ కార్పొరేషన్ అమెరికా నౌకాదళం కోసం కట్టింది. 1940 జూలైలో పని మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 31న నీటిలోకి దించారు. 1941 మే నెలలో పనిలో చేరింది. ఉక్కు పడవ. పొడవు 100 అడుగులు, వెడల్పు సుమారు 25 అడుగులు, బరువు దాదాపు 325 టన్నులు. వోబన్ తరగతి టగ్గుల్లో ఒకటి. తూర్పు తీరంలో పుట్టిన ఈ టగ్గు పనామా కాలువ దాటి హవాయికి చేరింది.

అప్పటికి అమెరికా యుద్ధంలో లేదు కదా, దీన్ని యుద్ధకాలపు టగ్గు అనవచ్చా? నిస్సందేహంగా అనవచ్చు. ఐరోపా తగలబడుతున్న రోజుల్లో, అమెరికా తన నౌకాదళాన్ని హడావిడిగా పెంచుకుంటున్నప్పుడు కట్టిన పడవ ఇది.

టగ్గు అంటే నెట్టే పడవే కదా. అంత చిన్నదానితో పెద్ద ఓడలకు ఏం పని?

పెద్ద ఓడ నడిసముద్రంలో మహారాజు, రేవులో పరాధీన. చుక్కాని మీద నీరు వేగంగా పారితేనే ఓడ తిరుగుతుంది. బెర్తు దగ్గర వేగం తగ్గించగానే చుక్కాని మాట వినదు. గాలి ఒకవైపు, నీటి పోటు ఒకవైపు తోస్తుంటే వందల అడుగుల ఓడను అంగుళాల లెక్కన పక్కకు జరపాలి. ఆ పని టగ్గుదే. ముక్కు ఆనించి నెడుతుంది, మోకు కట్టి లాగుతుంది, అవసరమైతే ఓడ పక్కనే అంటుకుని దానితోపాటు నడుస్తుంది.

హోగాలో రెండు డీజిల్ ఇంజన్లు జనరేటర్లను తిప్పుతాయి, ఆ కరెంటుతో నడిచే మోటారు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఇంత చుట్టుదారి ఎందుకంటే, దిశ మార్చాలంటే ఇంజన్ ఆపి మళ్లీ తిప్పనక్కరలేదు, మోటారును అటు తిప్పితే చాలు. రోజంతా ముందుకూ వెనక్కూ ఆడే పనికి ఇది పెద్ద సుఖం. చాలా తక్కువ వేగంలో కూడా పూర్తి బలం అందుతుంది.

రెండో పని మంటలార్పడం. నౌకాదళ రేవులో చమురు, మందుగుండు పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఇటువంటి టగ్గులకు బలమైన పంపులు, నీటిని దూరంగా చిమ్మే మానిటర్లు బిగించేవారు. నీళ్ల ట్యాంకు నిండుకుంటుందన్న చింత లేదు, చుట్టూ ఉన్నది సముద్రమే. హోగా తరువాతి అర్ధ శతాబ్దాన్ని నిర్ణయించింది ఈ పంపులే.

"యూఎస్ఎస్ (అమెరికా నౌక) హోగా" అని కొన్నిచోట్ల రాస్తున్నారు. సరైనదేనా?

కాదు. అధికారికంగా కమిషన్ చేసిన, అంటే యుద్ధనౌకగా నౌకాదళంలో చేర్చుకున్న నౌకలకే ఆ ముందుమాట వర్తిస్తుంది. హోగా వంటి రేవు పడవలను కమిషన్ చేయరు, పనిలోకి మాత్రమే తీసుకుంటారు. దాని మీద కెప్టెన్ హోదా గల అధికారి ఉండడు. చీఫ్ బోట్స్‌వెయిన్స్ మేట్ స్థాయి నావికుడు టగ్ మాస్టర్‌గా నడుపుతాడు. గోదావరి లాంచీల మీద సరంగు ఉన్నట్టే. పెర్ల్ హార్బర్ రోజున ఆ బాధ్యతలో ఉన్నవాడు జో మెక్‌మేనస్.

ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా కనబడవచ్చు కానీ, చరిత్ర వెతికేవారికి పెద్ద చిక్కు. యుద్ధనౌకల దినచర్య పుస్తకాలను భద్రపరిచినంత శ్రద్ధగా రేవు పడవల రాతలను ఎవరూ దాచలేదు.

1941 డిసెంబరు 7న హోగా ఏం చేసింది?

జపాన్ విమానాల దాడి ఉదయం 7:55కు మొదలైంది. మొదటి బాంబులు పడిన కొద్ది నిమిషాలకే హోగా తాళ్లు విప్పుకుని కదిలింది. నీటిలో పడ్డవారిని పైకి లాగుతూ యుద్ధనౌకల వరుస వైపు వెళ్లింది.

అక్కడ యుద్ధనౌక అరిజోనా పేలిపోయింది. దాని పక్కనే కట్టేసి ఉన్న మరమ్మతు నౌక వెస్టల్‌కు మంటలు అంటుకున్నాయి, దానికీ బాంబులు తగిలాయి. వెస్టల్ తనంతట తాను ఆ మంటల నుంచి బయటపడే స్థితిలో లేదు. హోగా దాని ముందుభాగానికి మోకు వేసి అవతలికి లాగింది. తరువాత ఒగ్లాలా. సముద్రంలో మందుపాతరలు పరిచే ఆ నౌక (మైన్‌లేయర్) మునిగిపోతూ పక్కనున్న క్రూయిజర్ హెలెనాను కూడా ఇరికించేలా ఉంది. దాన్ని అక్కడి నుంచి జరపడంలోనూ హోగా చేయి ఉంది.

అసలు ఘట్టం నెవాడాది. ఆ ఉదయం లంగరు వదిలి కదలగలిగిన యుద్ధనౌక అదొక్కటే. మామూలు రోజుల్లో టగ్గులు లేనిదే కదలని ఓడ ఎవరి సాయమూ లేకుండా సముద్రం వైపు బయలుదేరింది. రెండో విడత విమానాలకు అంతకంటే మంచి గురి ఏముంటుంది? బాంబు మీద బాంబు వేశారు. ఓడ ముందుభాగం మంటల్లో ఉంది, లోపలికి నీరు చేరుతోంది. హాస్పిటల్ పాయింట్ దగ్గర దాన్ని గట్టుకు ఆనించారు. హోగా అక్కడికి వెళ్లి, ఒకవైపు మానిటర్లతో మంటల మీద నీరు చిమ్ముతూ, మరో టగ్గుతో కలిసి ఆ ఓడను ప్రవేశమార్గానికి అవతలి ఒడ్డున ఉన్న వైపియో పాయింట్‌కు చేర్చింది.

ఆ తరువాత మళ్లీ యుద్ధనౌకల వరుసకు వచ్చింది. మేరీలాండ్, టెనెసీ అనే యుద్ధనౌకల మీద, అన్నిటికంటే ఎక్కువగా అరిజోనా మీద మంటలార్పింది. అరిజోనా మంటల మీద ఆదివారం సాయంత్రం మొదలుపెట్టిన పని మంగళవారం మధ్యాహ్నం దాకా సాగింది.

నెవాడాను గట్టెక్కించడం గురించి ఎందుకింత చెబుతారు? ఎలాగూ దెబ్బతిన్న ఓడే కదా?

రేవు పటం చూస్తే అర్థమవుతుంది. పెర్ల్ హార్బర్‌కు సముద్రంలోకి పోయే దారి ఒక్కటే, అదీ ఇరుకైనది. దాదాపు ముప్పై వేల టన్నుల ఓడ అందులో అడ్డంగా మునిగితే లోపలివి లోపల, బయటివి బయట. దాడి సమయంలో విమానవాహక నౌకలు బయట సముద్రంలో ఉన్నాయని మరచిపోవద్దు. వాటికి ఇంధనం, మరమ్మతు అన్నీ ఈ రేవులోనే.

పైగా నెవాడా చావలేదు. దాన్ని పైకి తేల్చి బాగు చేశారు. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద గుండ్లు కురిపించిన నౌకల్లో అదీ ఒకటి.

ఆ సిబ్బందికి గుర్తింపు దొరికిందా?

దొరికింది. పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్ 1942 ఫిబ్రవరిలో హోగా సిబ్బందిని రాతపూర్వకంగా ప్రశంసించారు. ఓ రేవు టగ్గుకు అటువంటి ఉత్తరం రావడం అరుదు.

మిగతా యుద్ధమంతా ఎక్కడుంది?

పెర్ల్ హార్బర్‌లోనే, రేవు పనిలో. ఓడలను తెచ్చింది, పంపింది. కథకు పనికొచ్చే సంఘటనలు లేవు. టగ్గు జీవితంలో నూటికి తొంభై వంతులు ఇలాగే ఉంటుంది.

ఓక్లాండ్‌కు ఎందుకు వెళ్లింది?

యుద్ధం ముగిశాక నౌకాదళానికి టగ్గులు మిగిలిపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున ఉన్న ఓక్లాండ్ రేవుకు అగ్నిమాపక పడవ కావలసి వచ్చింది. 1948 మే 28న నౌకాదళం హోగాను ఓక్లాండ్‌కు అప్పుగా ఇచ్చింది. పంపులు, మానిటర్లు పెంచి దాన్ని పూర్తిస్థాయి అగ్నిమాపక పడవగా మార్చారు. మొదట "పోర్ట్ ఆఫ్ ఓక్లాండ్", ఆ తరువాత "సిటీ ఆఫ్ ఓక్లాండ్" అని పేరు పెట్టారు.

అదే ఏడాది జూలై 31న, అణుబాంబు పరీక్షల్లో కూడా మునగని నెవాడాను నౌకాదళం హవాయి దగ్గర సముద్రంలో గురి సాధనకు నిలబెట్టి ముంచేసింది. హోగా కాపాడిన ఓడ పోయింది. హోగా కొత్త ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు.

ఆ ఉద్యోగం 46 ఏళ్లు సాగింది, 1994 దాకా. నౌకాదళంలో పనిచేసింది ఏడేళ్లే. ఓడల్లో, జెట్టీల మీద, గిడ్డంగుల్లో మంటలు లేచినప్పుడు నేలమీది ఫైరింజన్లు చేరలేని వైపు నుంచి నీరు కొట్టడం దాని పని. రెండు తరాల అగ్నిమాపక సిబ్బంది దీని మీద పనిచేసి రిటైరయ్యారు. 1941 నాటి ఆ కొన్ని గంటల గురించి పేజీలు పేజీలు రాసేవారు ఈ 46 ఏళ్లను "తరువాత అగ్నిమాపక పడవగా సేవలందించింది" అని ముగించేస్తారు. నా మాట వింటే అది తలకిందులు లెక్క. ఏ రోజుకారోజు ఎవరికో పనికొచ్చింది కనుకనే ఆ పడవ బతికి బట్టకట్టింది. వీరగాథ కోసం ఎవరూ దాని ఇంజన్లకు నూనె పోయలేదు.

అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దాని మీద ప్రయాణించారట?

అవును. 1980లో ఆయన ఓక్లాండ్ రేవును ఈ పడవ మీది నుంచే చూశారు.

ఇన్ని పేర్లు, నంబర్లు మారిన టగ్గు చరిత్రను ఎలా వెతకాలి?

ముందు ఒక విషయం: పేరును నమ్ముకోవద్దు. పేరు పట్టుకుని వెతికితే ఇల్లు మారినవాడి కోసం పాత ఇంటి తలుపు తట్టినట్టే. టగ్గులు చేతులు మారిన ప్రతిసారీ పేరు మారుతుంది. ఒకే పేరుతో నాలుగు టగ్గులు ఉండటం కూడా మామూలే.

నంబరును పట్టుకోండి. కానీ నౌకాదళ నంబర్లలోనూ ఒక మెలిక ఉంది. హోగా మొదట వైటీ-146 (వైటీ అంటే రేవు టగ్గు). 1944లో నౌకాదళం తన టగ్గులను పరిమాణాన్ని బట్టి విడదీసినప్పుడు వైటీబీ-146 అయింది. 1962లో వైటీఎం-146 అయింది. గమనించారా, 1962 నాటికి అది పద్నాలుగేళ్లుగా ఓక్లాండ్‌లో మంటలార్పుతోంది! అయినా అప్పుగా ఇచ్చిన ఆస్తి కాబట్టి నౌకాదళ పద్దుల్లో అలాగే ఉండి, అక్షరాలు మారుతూ వచ్చాయి. ఇలాంటి ఎంట్రీ చూసి 1962లో అది ఏదో నౌకాదళ స్థావరంలో ఉందని ఊహించుకోవడం తేలిక. ముందు అక్షరాలు వదిలి 146ను పట్టుకుంటే దారి తప్పరు.

వెతికే క్రమం ఇలా ఉంటే మేలు. మొదట కట్టిన షిప్‌యార్డు, అక్కడి వరుస సంఖ్య. పాత టగ్గు మీద ఎక్కడో ఒకచోట కట్టినవారి రేకు ఉంటుంది, రంగుల పొరల కింద ఉన్నా సరే. తరువాత వాణిజ్య జీవితానికి ఓడల రిజిస్టర్లు. ఓడల వివరాలు నమోదు చేసే లాయిడ్స్ రిజిస్టర్ 1764 నుంచి వస్తోంది. ఓడకు జీవితాంతం మారని ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబరు పద్ధతి 1987లో గానీ రాలేదు, అదీ చిన్న పడవలకు వర్తించదు. కాబట్టి యుద్ధకాలపు టగ్గుకు అది లేదని బెంగపడనక్కరలేదు. మూడోది, మిగతావారు ఎక్కువగా వదిలేసేది: స్థానిక కాగితాలు. రేవు బోర్డు సమావేశాల నమోదులు, అగ్నిమాపక శాఖ రికార్డులు, ఆ ఊరి పత్రికలు. టగ్గు తన జీవితమంతా ఒకటి రెండు ఊళ్లలోనే గడుపుతుంది, దాని గురించి రాసేది కూడా ఆ ఊళ్లే.

అమెరికా టగ్గు అయి, వారసత్వ గుర్తింపు పొంది ఉంటే పని సగం అయిపోయినట్టే. నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ (జాతీయ చారిత్రక చిహ్నం) గుర్తింపు కోసం తయారుచేసే పత్రాల్లో కొలతలు, ఇంజన్లు, మార్పులు, ప్రత్యక్ష సాక్షుల మాటలు అన్నీ ఒకచోట ఉంటాయి. అవి ప్రజలకు అందుబాటులో ఉంటాయి. హోగాకు ఆ గుర్తింపు 1989లో, అంటే ఇంకా ఓక్లాండ్‌లో పనిచేస్తున్నప్పుడే వచ్చింది.

1994 నుంచి 2015 దాకా ఏమైంది?

తుప్పు పట్టింది. ఓక్లాండ్ పడవను నౌకాదళానికి తిరిగి ఇచ్చేసింది. దాన్ని సుయిసున్ అఖాతంలోని రిజర్వు ఓడల మధ్య కట్టేశారు. ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో ఉండి, కారులో బెనీషియా–మార్టినెజ్ వంతెన దాటిన తెలుగువారికి ఎడతెగని బూడిదరంగు ఓడల వరుసలు గుర్తుండే ఉంటాయి. వాటి నడుమ ఎక్కడో హోగా ఉండేది.

2005 జూలైలో నౌకాదళం దాన్ని ఆర్కాన్సా రాష్ట్రంలోని నార్త్ లిటిల్ రాక్ నగరానికి ఇచ్చింది. ఇచ్చిన పదేళ్లకు గానీ పడవ అక్కడికి చేరలేదు. అడుగు భాగం బాగు చేయించాలి, ఖర్చు పోగుచేయాలి, అంత దూరం తరలించాలి. జాతీయ వారసత్వ సంపదగా గుర్తింపు ఉన్న పడవకు పట్టిన గతి ఇది. మంటలార్పుతున్నన్నాళ్లూ దాన్ని చూసుకునేవాళ్లున్నారు.

ఆర్కాన్సాకు సముద్రమే లేదు కదా. అక్కడికెలా చేరింది?

నది ఉంది. కాలిఫోర్నియా నుంచి పనామా కాలువ మీదుగా మెక్సికో గల్ఫ్, అక్కడి నుంచి మిసిసిపి, ఆపైన ఆర్కాన్సా నది. జీవితమంతా ఇతరులను లాగిన టగ్గు ఈసారి తన ఇంజన్ల మీద కాక ఇతరుల సాయంతో ప్రయాణించింది. 2015 నవంబరులో ఆర్కాన్సా ఇన్‌ల్యాండ్ మారిటైమ్ మ్యూజియానికి చేరింది.

అక్కడ అప్పటికే రేజర్‌బ్యాక్ జలాంతర్గామి ఉంది. 1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసినప్పుడు అక్కడున్న ఓడల్లో అది ఒకటి. అమెరికాకు యుద్ధం మొదలైన రోజును చూసిన పడవ, ముగిసిన రోజును చూసిన పడవ ఒకే రేవులో ఉన్నాయని మ్యూజియం చెప్పుకుంటుంది. ఆ గర్వం న్యాయమైనదే. అయితే వాళ్లు అంత గట్టిగా చెప్పని పోలిక మరొకటి ఉంది. రేజర్‌బ్యాక్ అమెరికా నౌకాదళంలో ఉన్నది 26 ఏళ్లు. 1970 నుంచి 2001 దాకా 31 ఏళ్లు మురాత్‌రైస్ అనే పేరుతో టర్కీ నౌకాదళంలో పనిచేసింది. అంటే ఆ రెండు పడవలూ ఎక్కువ కాలం బతికింది వేరే పేర్లతోనే.

ఆ రోజు పెర్ల్ హార్బర్‌లో ఉన్న ఓడల్లో ఇంకేవైనా మిగిలాయా?

తేలుతున్నవి దాదాపు లేవు. అరిజోనా అక్కడే నీటి అడుగున సమాధిగా ఉంది, ఇప్పటికీ చమురు బొట్లు పైకి వస్తుంటాయి. వెస్టల్, ఒగ్లాలా తుక్కయ్యాయి. ఫీనిక్స్ అనే క్రూయిజర్ అర్జెంటీనాకు వెళ్లి జనరల్ బెల్‌గ్రానోగా మారి 1982 ఫాక్లాండ్ యుద్ధంలో మునిగింది. బాల్టిమోర్‌లో ఉన్న తీరరక్షక నౌక టేనీ పేరు కొందరు చెబుతారు, కానీ ఆ ఉదయం అది పక్కనున్న హొనొలులు రేవులో ఉంది.

హోగా తరగతికే చెందిన నొకోమిస్ కూడా ఆ రోజు అక్కడే ఉంది. దాన్ని కాపాడాలని కొందరు ప్రయత్నించారు. 2010లో తుక్కు చేసేశారు.

ఇటువంటి పాత టగ్గులు వేరేచోట్ల ఉన్నాయా?

ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్వేగోలో ఎల్‌టీ-5 ఉంది. 1943లో అమెరికా సైన్యం కోసం కట్టినది, నార్మండీ దాడిలో పాల్గొంది. తరువాత సైన్యపు ఇంజనీర్ల విభాగంలో జాన్ ఎఫ్. నాష్ అనే పేరుతో 1989 దాకా గ్రేట్ లేక్స్ ప్రాంతంలో పనిచేసింది. టొరంటోలో ఎంపైర్ శాండీ ఉంది. 1943లో ఇంగ్లండ్‌లోని టైన్ నది ఒడ్డున కట్టిన ఈ సముద్రపు టగ్గు ఆష్‌ఫర్డ్ అయింది, క్రిస్ ఎం. అయింది, చివరికి మూడు తెరచాప స్తంభాల విహారనౌకగా మారి పాత పేరుకే తిరిగి వచ్చింది. టగ్గు అని చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

హోగాను ఏ రూపంలో నిలపాలి? 1941 నాటిదా, అగ్నిమాపక పడవదా?

మూడు టగ్గులూ యుద్ధకాలపు పేర్లకే తిరిగి వచ్చాయి చూశారా? మ్యూజియాల ఇబ్బంది అర్థం చేసుకోదగినదే. జనం డబ్బిచ్చేది పెర్ల్ హార్బర్ పేరు చూసి, ఓక్లాండ్ జెట్టీ పేరు చూసి కాదు. కానీ 1941 రూపానికి తేవాలంటే 1948లోనూ ఆ తరువాతా చేర్చినవన్నీ తీసేయాలి. ఆ పంపులు, మానిటర్లు కూడా చరిత్రే, పైగా ఎక్కువ కాలపు చరిత్ర. నన్నడిగితే రంగు 1941దే వేయండి, యంత్రాల జోలికి మాత్రం పోవద్దంటాను. "సిటీ ఆఫ్ ఓక్లాండ్" అన్న పలకను జనం కళ్లబడేచోట పెట్టాలి.

మన తీరానికి ఈ కథతో ఏమైనా సంబంధం ఉందా?

హోగాకు నేరుగా లేదు. యుద్ధానికి ఉంది. పెర్ల్ హార్బర్ మీద దాడిచేసిన జపాన్ నౌకాదళ బృందం 1942 ఏప్రిల్ 5న కొలంబోను కొట్టింది. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే మరో విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

వెళ్లి చూడవచ్చా?

చూడవచ్చు. మ్యూజియం నార్త్ లిటిల్ రాక్‌లో నది ఒడ్డున ఉంది. వారంలో అన్ని రోజులూ తెరిచి ఉంటుందని అనుకోకుండా ముందుగా వేళలు కనుక్కోండి. హోగా మీదికి ఎక్కనిస్తారా, ఒడ్డు నుంచే చూడాలా అన్నది కూడా అప్పుడే అడగండి, మరమ్మతులను బట్టి అది మారవచ్చు. విశాఖ బీచ్‌లో కురుసురా జలాంతర్గామిని చూసినవారు ఇక్కడ ఒక తేడా గమనించాలి. కురుసురాను ఒడ్డుకెక్కించి, నడిచి వెళ్లేలా తలుపులు పెట్టారు. రేజర్‌బ్యాక్ నీటిలోనే ఉంది, లోపలికి నిటారు నిచ్చెన మీదుగా దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకువెళ్తుంటే వాళ్లు హోగా ఎదురుగా గట్టు మీదే కూర్చోవడం మంచిది.